గోడ బయట ఫోను, గోడ లోపల మేస్త్రి

ఇంట్లో పైపు పని పడితే ఫోను చూసి చేసుకోవాలా, ప్లంబరు మేస్త్రిని పిలవాలా? కుళాయి కారుతుంటే ఏం చేయాలో చెప్పే వీడియోలు దాదాపు అన్నీ ఒకే మాటతో మొదలవుతాయి: ముందు మెయిన్ వాల్వు కట్టేయండి. విజయనగరం బాలాజీనగర్‌లోనో కంటోన్మెంట్‌లోనో ఇరవై ఏళ్ల కిందట కట్టిన డాబా ఇంట్లో పని ఆగిపోయేది సరిగ్గా అక్కడే. మేడెక్కి చూస్తే ట్యాంకు కింద నాలుగు గేట్ వాల్వులు కనిపిస్తాయి. ఏది వంటగదిదో, ఏది బాత్రూముదో ఎక్కడా రాసి ఉండదు. రెండింటి చక్రాలు తుప్పు పట్టి కదలవు. మూడోది ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం ఆగవు. నాలుగోదాన్ని కాస్త గట్టిగా తిప్పితే కాడ విరిగి చేతికొస్తుంది. రబ్బరు వాషరు మార్చుదామని పైకెక్కిన మనిషి వెయ్యి లీటర్ల ట్యాంకు ఖాళీ అవుతుంటే చూస్తూ నిలబడాలి.

వీడియో చెప్పింది తప్పేమీ కాదు. అది తీసినవాళ్ల ఇంట్లో వాల్వు తిరిగింది, అంతే. అలవాటున్న ప్లంబరైతే ఇలాంటి చోట వాల్వు జోలికే పోడు. ట్యాంకు మూత తీసి, పాలిథిన్ కవరు చుట్టిన గుడ్డ ముక్కను లోపలి ఔట్‌లెట్‌లో దోపి, కిందికి దిగి పని కానిస్తాడు. పనయ్యాక ఆ గుడ్డకు కట్టిన తాడు పట్టుకుని లాగేస్తాడు. తాడు కట్టకుండా దోపితే గుడ్డ పైపులోకి జారిపోతుందన్న సంగతి కూడా ఎవరింట్లోనో ఒకసారి జరిగాక తెలిసిందే అయి ఉంటుంది.

ఫోను మంచిదా, మేస్త్రి మంచివాడా అని అడిగితే తేలదు. సమస్య గోడకు బయట ఉందా, లోపల ఉందా అని అడిగితే చాలావరకు తేలుతుంది. కంటికి కనిపించే కుళాయి, ఫ్లష్ ట్యాంకు, సింకు కింది గొట్టం మన దగ్గర ఏ ఊళ్లోనైనా దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి వాటి గురించి ఫోను చెప్పగలదు. గోడలోకి వెళ్లిన పైపు ఎటు తిరిగిందో ఆ ఇంటికే తెలియాలి. మన ఊళ్లలో సొంత ఇళ్లకు గదుల ప్లాను ఉంటుంది గానీ పైపుల ప్లాను అరుదు. అది ఉండేది పైపులు వేసినవాడి బుర్రలో.

ఫోను అని ఒక్క మాటలో అనేస్తున్నా అందులో మూడు వేర్వేరు సాయాలు కలిసిపోయి ఉన్నాయి. మొదటిది మనిషిని ఇంటికి పంపేది. 2014లో అర్బన్‌క్లాప్‌గా మొదలై 2020లో పేరు మార్చుకున్న అర్బన్ కంపెనీ ఈ రకం. రెండోది నంబర్లు ఇచ్చేది. జస్ట్ డయల్, గూగుల్ మ్యాప్స్ ఈ కోవలోవి. మూడోది సలహా చెప్పేది, అంటే యూట్యూబ్ వీడియోలు, ఈమధ్య ఫొటో పెట్టి అడిగితే జవాబిచ్చే ఏఐ చాట్‌లు. రెండో రకం గురించి చెప్పాల్సింది పెద్దగా లేదు. నంబరు దొరుకుతుంది, ఎత్తేవాడు పని తెలిసినవాడా కాదా అన్నది మనమే చూసుకోవాలి.

మనిషిని పంపే యాప్‌కు జనసాంద్రత కావాలి. ప్లంబరు ఒక ఇంట్లో పని ముగించి పక్క వీధిలో ఇంకో పని అందుకుంటేనే అతనికీ కంపెనీకీ గిట్టుబాటు. అందుకే ఈ వ్యాపారం ప్రధానంగా మహానగరాల అపార్ట్‌మెంట్ల చుట్టూ పెరిగింది. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గరో, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కలో ఆ పని చేసేది శానిటరీ షాపు కౌంటరు. "ఎవరైనా మంచి ప్లంబరు ఉంటే చెప్పండి" అంటే షాపాయన ఇద్దరు ముగ్గురి నంబర్లు ఇస్తాడు. ఎవరు ఏ సామాను కొంటున్నారో, ఎవరు పదే పదే వెనక్కి తెస్తున్నారో ఆయన రోజూ చూస్తుంటాడు కాబట్టి ఆ సిఫారసుకు కొంత విలువ ఉంది. ఆ షాపులోనే సామాను కొనాలన్న మొహమాటం కూడా దాంతోపాటే వస్తుంది.

యాప్ ద్వారా వచ్చిన పనికి ఒక బలం ఉంది, దాన్ని తక్కువ చేయకూడదు. రేటు ముందే కనిపిస్తుంది, బిల్లు వస్తుంది. 2020లో వచ్చిన ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం ఇలాంటి కంపెనీ ఒక ఫిర్యాదుల అధికారిని పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. నోటిమాట మీద చేయించుకున్న పనికి ఇలాంటి కాగితం ఏదీ ఉండదు. అక్కడ పూచీ వేరే రకం: ఆ మేస్త్రి అదే ఊళ్లో ఉంటాడు, పక్కింటి పనీ ఆయనదే, సంతలో ఎదురుపడతాడు. చిన్న ఊళ్లో ఇది కాగితం కన్నా బాగా పనిచేయడం మామూలే. కొత్తగా బదిలీ మీద వచ్చి అద్దెకున్న ఉద్యోగికి మాత్రం ఇది అక్కరకు రాదు.

సలహాల సంగతే అసలు చిక్కు. ఇంగ్లీషు వీడియోల్లో చాలావరకు అమెరికా ఇళ్లవి. అక్కడ మెయిన్ లైనులో నీటి ఒత్తిడి సాధారణంగా 3 నుంచి 4 బార్లు (బారు అంటే ఒత్తిడిని కొలిచే ప్రమాణం). మన ఇళ్లలో చాలావాటిలో పైపుల్లోకి నీళ్లు తోసేది మేడ మీది ట్యాంకు ఎత్తు ఒక్కటే. 10 మీటర్ల ఎత్తుకు సుమారు ఒక బారు. ఒకే అంతస్తు ఇంట్లో షవరుకూ ట్యాంకుకూ మధ్య 2 మీటర్లుంటే అక్కడ ఒత్తిడి 0.2 బారు మాత్రమే. ఇంత తేడా ఉన్నప్పుడు జబ్బులూ వేరుగానే ఉంటాయి. షవరులో ధార సన్నగా ఉందంటే అక్కడివాళ్లు రంధ్రాల్లో పేరుకున్న ఉప్పు గురించి చెబుతారు. ఇక్కడ ఆ ఉప్పంతా గీకేసినా 0.2 బారు 0.2గానే ఉంటుంది. కుళాయి మర కూడా ఒకటి కాదు. మన దగ్గర వాడే బ్రిటిష్ పద్ధతి మర కోణం 55 డిగ్రీలు, అమెరికాది 60. అక్కడి కొలతలు చూసి ఆన్‌లైన్‌లో తెప్పించిన కుళాయి రెండు చుట్లు బిగుసుకుని, ఆపైన కారుతూ ఉంటుంది.

ఎయిర్ లాక్, అంటే పైపులో గాలి అడ్డుపడే కథ కూడా ఇలాంటిదే. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయి మళ్లీ నిండాక ఒక బాత్రూములో నీళ్లు వచ్చి, ఇంకో బాత్రూములో చుక్క కూడా రాకపోవడం మన ఇళ్లలో మామూలు. ద్వారబంధం మీదుగా పైకెక్కి దిగిన పైపులో, ఆ ఎత్తుగా ఉన్న చోట గాలి చిక్కుకుంటుంది. ఒత్తిడి ఎక్కువ ఉన్న లైను ఆ గాలిని తోసేస్తుంది. ట్యాంకు నీళ్లకు అంత బలం ఉండదు. తెలిసినవాళ్లు చేసే పని చూడ్డానికి తమాషాగా ఉంటుంది. మోటారు లైను మీదున్న కుళాయికి తోట గొట్టం తగిలించి, రెండో కొసను మొరాయించిన కుళాయికి బిగించి, నీటిని వెనక్కి ఎక్కిస్తారు. గాలి ట్యాంకులోకి బుడబుడమంటూ వెళ్లిపోతుంది. మోటారు బోరుది అయి, ట్యాంకులో మున్సిపల్ నీళ్లుంటే రెండూ కలిసిపోతాయి. అది చూసుకోవాలి. మళ్లీ మళ్లీ ఇదే వస్తుంటే ట్యాంకు దగ్గర గాలి పోయే నిలువు గొట్టం పెట్టించాలి. చాలా ఇళ్లలో అది లేనిది డబ్బు మిగుల్చుకోవడానికి కాదు, కట్టేటప్పుడు ఎవరికీ గుర్తు రాకపోవడం వల్లే కావచ్చు.

గోడ మీద చెమ్మ ఫొటో తీసి ఏఐని అడిగితే అయిదారు కారణాలు వస్తాయి. లోపలి పైపు కారడం, పై బాత్రూము టైళ్ల సందులు, వాన నీరు, నేల తేమ, ఏసీ నీళ్ల గొట్టం. జాబితా తప్పు కాదు. అందులో మొదట ఏది చూడాలన్నదే డబ్బుతో ముడిపడిన ప్రశ్న, ఎందుకంటే ఒక్కో అనుమానానికి ఒక్కో చోట గోడ బద్దలు కొట్టాలి. పని తెలిసినవాడు సుత్తి తీయకముందు అడిగేది ఫొటోలో కనిపించదు. వానలు లేనప్పుడు కూడా పెరుగుతోందా? స్నానాలయ్యాక పెరుగుతోందా? రాత్రీ పగలూ ఒకేలా ఉందా? స్నానాల తర్వాత పెరిగితే అనుమానం టైళ్ల సందుల మీదికీ మురుగు గొట్టం మీదికీ పోతుంది. ఎప్పుడూ ఒకేలా తడిగా ఉంటే నీళ్ల పైపు మీదికి. నేల నుంచి మూడడుగుల ఎత్తు లోపే ఉండి, పైన తెల్లటి పొడి రాలుతుంటే పైపుకు సంబంధం లేకపోవచ్చు, నేల తేమతో పైకొచ్చిన లవణం అయి ఉండవచ్చు. కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఈ పొడి చూసి పైపు కోసం గోడ తవ్వించే ముందు రెండుసార్లు ఆలోచించడం మంచిది.

ఫోను నిజంగా పనికొచ్చేది సుత్తికి ముందు చేసే ఈ పరీక్షల్లోనే. వాటికి మేస్త్రి అక్కర్లేదు. కారే కుళాయి కింద 200 మిల్లీలీటర్ల గ్లాసు పెట్టి ఫోనులో టైమరు నొక్కండి. పది నిమిషాల్లో నిండితే రోజుకు దాదాపు 29 లీటర్లు పోతున్నట్టు. జల జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు ఇవ్వాలనుకున్నది 55 లీటర్లు. అందులో సగానికి పైగా ఒక్క వాషరు దగ్గర పోతోందన్నమాట. పైపు లోపల కారుతోందన్న అనుమానం ఉంటే రాత్రి అందరూ పడుకున్నాక ట్యాంకులో నీటి మట్టం దగ్గర టేపు అంటించి ఫొటో తీయండి. నీళ్లు లోపలికి వచ్చే దారి కట్టేయండి. తెల్లారి మళ్లీ చూడండి. గుండ్రటి వెయ్యి లీటర్ల ట్యాంకులో ఒక సెంటీమీటరు తగ్గితే సుమారు 8, 9 లీటర్లు పోయినట్టు. ఫ్లష్ ట్యాంకు అనుమానం తీరడానికి అందులో బట్టలకు వాడే నీలం నాలుగు చుక్కలు వేసి, అరగంట దాకా ఎవరూ ఫ్లష్ చేయకుండా చూడండి. కమోడులో నీలం దిగితే లోపలి రబ్బరు పోయింది. ఈ మూడు ఫలితాలు చేతిలో పెట్టుకుని ప్లంబరును పిలిస్తే ఆయనకు అరపూట వెతుకులాట తప్పుతుంది, మన కూలి డబ్బులూ మిగులుతాయి.

మేస్త్రికి ఫోన్ చేయడం కూడా ఫోను వాడకమే. ఆ ఫోన్లు ఎలా సాగుతాయో ఒకటి వింటే తెలుస్తుంది.

"మేస్త్రీ, వాష్‌బేసిన్‌లో నీళ్లు సన్నగా వస్తున్నాయి. వీడియో చూసి జాలీ విప్పుదామనుకుంటున్నా."

"వేడి నీళ్లో చన్నీళ్లోనమ్మా?"

"చన్నీళ్లే. వేడివి బాగానే వస్తున్నాయి."

"అయితే జాలీ ముట్టకండి. అందులో ఏటీ నేదు. బేసిన్ కింద చన్నీళ్ల యాంగిల్ కాక్ ఉంటాది సూడండి, ఇసక దాంట్లో పడుంటాది."

కుళాయి మూతికి ఉండే జాలీ వేడి నీళ్లకూ చన్నీళ్లకూ ఒక్కటే. అడ్డం అందులో ఉంటే రెండూ సన్నగానే రావాలి. యాంగిల్ కాక్ అంటే గోడ నుంచి కుళాయికి నీళ్లు వదిలే చిన్న వాల్వు, అది వేడి నీళ్లకు ఒకటి, చన్నీళ్లకు ఒకటి ఉంటుంది. ఆ ఒక్క ప్రశ్నకే సగం దారి తేలిపోయింది. ఏఐ చాట్ కూడా ఈ ప్రశ్న అడగగలదు, కొన్నిసార్లు అడుగుతుంది కూడా. అయితే అడగకుండానే జాలీ విప్పించే సందర్భాలు తక్కువేమీ కాదు.

అనుభవం అన్న మాటను మాత్రం గుడ్డిగా నమ్మడానికి లేదు. జి.ఐ. పైపుల (జింకు పూత పూసిన ఇనుప పైపుల) మీద పాతికేళ్లు పనిచేసిన చేతికి మర బిగించడమంటే జనపనార పీచు చుట్టి, వైట్ లెడ్ అనే తెల్లటి ముద్ద పూసి, పైపు రెంచీతో శక్తి కొద్దీ తిప్పడం. అదే చేయి ఇప్పటి ప్లాస్టిక్ ఫిట్టింగు మీద పడితే ఆ రోజు ఏమీ కాదు. వెంట్రుకంత చీలిక పడి, టైళ్లు వేసిన మూడు నెలలకు బయటపడుతుంది. ఇంకో అలవాటు, గీజరు లైనుకు కూడా తెల్ల పి.వి.సి. పైపే వేసేయడం. అది 60 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. వేడి నీటి లైనుకు వేయాల్సింది లేత పసుపు రంగు సి.పి.వి.సి., అది 93 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. రెండింటికీ జిగురు కూడా వేరు వేరు. సంచిలో ఏ డబ్బా ఉంటే ఆ డబ్బాతో అతికించే మేస్త్రులు ఉన్నారు. పైపు మీద ఐ.ఎస్. 15778 అన్న భారతీయ ప్రమాణాల అంకె ఉందా, జిగురు డబ్బా మీద సి.పి.వి.సి. అని ఉందా అని ఇంటివాళ్లు ఫోను కెమెరాతో పెద్దది చేసి చూసుకోవచ్చు. పెద్దాయనను అనుమానించినట్టు ఉంటుందని ఊరుకునేవాళ్లే ఎక్కువ. పని మొదలయ్యాక అడిగితే ఇబ్బందిగానే ఉంటుంది, సామాను కొనేటప్పుడే అడిగితే ఎవరికీ ఏమీ అనిపించదు.

హైదరాబాదులోనో చెన్నైలోనో పెద్ద అపార్ట్‌మెంట్ల పనికి వెళ్లొచ్చిన కుర్రాళ్లకు ఈ కొత్త సామాను బాగా తెలుసు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కట్టుబడి పనులకు వలస వెళ్లడం కొత్త కాదు. సరిహద్దు దాటితే ఒడిశాలో కేంద్రపడా జిల్లా పట్టముండైకి ప్లంబర్ల ఊరని పేరు, అక్కడ ప్లంబింగుకే ఒక ప్రభుత్వ శిక్షణ సంస్థ ఉంది. పని నేర్చినవాడు పెద్ద కూలి ఉన్న చోటికి పోతాడు. ఊళ్లో మిగిలిన కొద్దిమంది చుట్టూ అందరూ తిరగాలి. దసరా తర్వాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ వారం ఇంటింటా చుట్టాలు, ఒక్కో బాత్రూముకు పదిమంది. సరిగ్గా అప్పుడే ఫ్లష్ మొరాయిస్తుంది, ప్లంబరు ఇంట్లోనూ చుట్టాలే. రబ్బరు ముక్క మార్చడం వీడియో చూసి నేర్చుకోవడానికి అంతకన్నా మంచి కారణం ఉండదు.

రెండు చోట్ల మాత్రం వీడియోకూ, అలవాటుకూ దూరంగా ఉండాలి. నీళ్ల గీజరు ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటోందంటే అది ప్లంబింగు పని కాదు. ఎం.సి.బి. (బోర్డులో కరెంటు ఆపే స్విచ్చు) దించేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. రెండోది సెప్టిక్ ట్యాంకు. అది నిండితే మూత తీసి మనిషిని దింపే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. లోపల పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు మొదట కుళ్లు వాసన వేసి, గాఢత పెరిగాక వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది. వాసన పోయింది కదా అని దిగినవాడు లేవడు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని అందులోకి దింపడం, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. ఇలాంటి మరణాలకు పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 30 లక్షలకు పెంచింది. "మాకు అలవాటేనండీ" అని ఎవరన్నా, పైపు వేసి లాగే వాహనాన్ని పిలవడం తప్ప దారి లేదు.

ఫోను అసలు పనికిరాని రోజులు కూడా ఈ జిల్లాలకు తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. కరెంటు లేదు, సిగ్నలు లేదు, మేడల మీది ప్లాస్టిక్ ట్యాంకులు గాలికి ఎగిరిపోయాయి. ఖాళీ ట్యాంకు ఎగిరినంత తేలిగ్గా నిండు ట్యాంకు ఎగరదు. వెయ్యి లీటర్లంటే టన్ను బరువు. తుఫాను కబురు రాగానే ట్యాంకు నింపి పెట్టడం అందుకే, తాగడానికి ఒక్కటే కాదు.

మళ్లీ గోడ లోపలికి వస్తే, మేస్త్రి బుర్రలో ఉన్న ప్లాను బయటికి తీయడానికి ఒక్కటే మంచి అదను ఉంది. పైపులు వేసి, ప్లాస్టరింగు ఇంకా చేయని రెండు మూడు రోజులు. ఒక్కో గోడకు ఎదురుగా నిలబడి, టేపు సాగదీసి గోడకు ఆనించి, నేల నుంచి ఎంత, మూల నుంచి ఎంత అన్నది కనిపించేలా ఫొటో తీయాలి. టేపు లేకుండా తీసిన ఫొటో పైపు ఎటు పోయిందో చెబుతుంది, మేకు ఎక్కడ కొట్టకూడదో చెప్పదు. కట్టేసిన ఇంట్లో ఉన్నవాళ్లకు ఆ అదను పోయింది. వాళ్లు చేయగలిగింది, మేస్త్రి ఏదో పనికి వచ్చినప్పుడు ఆయనను మేడ మీదికి తీసుకెళ్లి, ఒక్కో వాల్వు కట్టించి, కింద ఏ కుళాయి ఆగిందో చూసి, పైపు మీదే పెయింటుతో వంట, గీజరు, పై బాత్రూం అని రాయించడం. అప్పుడే తుప్పు పట్టినవి మార్పిస్తే, మిగిలినవాటిని రెండు నెలలకోసారి తిప్పి వదలడం ఇంట్లో ఎవరైనా చేయగలరు.

ఆ ఫొటోలు ఫోనులోనే ఉంచుకుంటే ఫోను మారినప్పుడు, లేదా కొడుకు ఉద్యోగానికి బెంగుళూరు వెళ్లినప్పుడు ఆ ఫోనుతోపాటే వెళ్లిపోతాయి. మీటరు బోర్డు తలుపు లోపలి వైపు పెద్ద కాగితం పట్టేంత చోటు ఉంటుంది. ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, అక్కడ అంటిస్తే కొత్త ప్లంబరుకైనా, అద్దెకు వచ్చినవాళ్లకైనా, ఇల్లు కొనుక్కున్నవాళ్లకైనా తలుపు తీయగానే కనిపిస్తాయి.